‘నాన్ లీనియర్’కి ‘అరేఖీయ’ సరిపోతుందా?

ప్లాస్మాలో, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయువులో, బలమైన విద్యుదయస్కాంత తరంగాలు చేసే పనుల గురించి తెలుగులో రాస్తున్నాను. పాఠ్యపుస్తకాల్లో లీనియర్‌కి ‘రేఖీయ’ ఉంది కదా అని ‘అరేఖీయ ప్రభావాలు’ అన్నాను. చదివిన మిత్రుడు “అంటే తరంగం వంకరగా పోతుందా?” అని అడిగాడు. అలా అడగడం అతని తప్పు కాదు, ఆ మాట అలాగే వినిపిస్తోంది.

ఇక్కడ రేఖ తరంగం నడిచే దారి కాదు, కారణానికీ ఫలితానికీ మధ్య గీసే గ్రాఫు. తరంగం బలహీనమైతే ప్లాస్మా స్పందన దానికి అనుపాతంలో ఉంటుంది. అధ్యారోపణ సూత్రం చెల్లుతుంది, రెండు తరంగాలు ఒకదాని జోలికి ఒకటి పోకుండా దాటిపోతాయి. బలం పెరిగితే ఆ పొత్తు చెడుతుంది. 1933లో నెదర్లాండ్స్‌లో టెలిగెన్ అనే ఇంజినీరు స్విట్జర్లాండ్‌లోని బెరోమ్యూన్‌స్టర్ స్టేషన్ వింటుంటే, వెనక లక్సెంబర్గ్ రేడియో కార్యక్రమం వినబడింది. లక్సెంబర్గ్ తరంగం అయనావరణంలో, అంటే భూమి పై వాతావరణంలోని ప్లాస్మా పొరలో, ఎలక్ట్రాన్లను వేడెక్కించింది. వాటి తాకిళ్లు పెరిగి, అటుగా వెళ్లే రెండో తరంగం శోషణ మారింది. ఒకరి మాట ఇంకొకరి గొంతులోకి ఎక్కిందన్నమాట!

లీనియర్‌కి పాత లెక్కల పుస్తకాల్లోని ‘ఏకఘాత’ (మొదటి ఘాతం మాత్రమే ఉన్నది) నాకు ఇంకా నచ్చుతుంది. దానికి ఎదురుగా నాన్ లీనియర్‌ని ‘బహుఘాత’ అంటే సరిపోతుందా? తరంగం ఎలక్ట్రాన్లను బలమైన చోటు నుంచి పక్కకు నెట్టే బలం విద్యుత్ క్షేత్రం వర్గాన్ని (రెండో ఘాతాన్ని) బట్టే ఉంటుంది మరి.

జవాబు: ‘బహుఘాత’ అన్ని చోట్లా నిలవదండీ. లేజర్ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁸ వాట్ల దాకా వెళ్తే ఎలక్ట్రాన్లు కాంతివేగానికి దగ్గరవుతాయి. అప్పుడు వాటి జడత్వం పెరిగే లెక్క వర్గమూలం కింద వస్తుంది. దాన్ని ఎన్నో ఘాతం అంటారు? పోనీ ‘రేఖేతర’ అందామన్నా వద్దు, అది ‘గీత కాని వస్తువు’ అన్నట్టుంది. ‘అరేఖీయ’నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట విప్పి చెప్పండి.

మళ్లీ నేను: వర్గమూలం సంగతి నాకు తట్టలేదండీ, ‘బహుఘాత’ వదిలేస్తున్నాను. వాక్యం ఇలా మార్చాను: “ప్లాస్మా స్పందన తరంగబలానికి అనుపాతంలో లేకపోవడమే అరేఖీయత, అప్పుడు తరంగం తాను నడిచే యానకాన్నే మార్చి, ఆ మార్పుకు తానే లోబడుతుంది.” నడుమ ఎలక్ట్రాన్లు పలచబడి, అక్కడ వక్రీభవన గుణకం పెరిగి, కాంతిపుంజం తనంత తాను సన్నబడడం దీనికి ఉదాహరణగా ఇచ్చాను. దానికి ‘స్వీయ నాభీయనం’ (సెల్ఫ్ ఫోకసింగ్) అని రాయబోయి ఆగాను. ‘తన్ను తాను కుదించుకోవడం’ అంటే చాలదూ?