నా కోసం ఒక ముద్ర ఉంగరం చేయించుకోవాలనుకుంటున్నాను: పని అప్పగించే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న

నాకు 42 ఏళ్ళు. చేతి గడియారం తప్ప ఇంతవరకు ఒంటి మీద మరే వస్తువూ పెట్టుకోలేదు. మా నాన్నగారు జీవితమంతా కట్టడాల నక్షలు గీసే పని చేశారు. ఆయన ఉంగరం నా దగ్గర ఉంది. 22 క్యారెట్లది, బరువు 4 గ్రాములు. అరచేతి వైపు భాగం బాగా అరిగి సన్నబడిపోయింది, రెండు చోట్ల టంకం వేసిన గుర్తులు కనిపిస్తాయి, పైగా అది నా వేలి కణుపు దాటి దిగదు. దానిని కరిగించి, కావలసినంత బంగారం కలిపి, చదునైన ముఖం ఉన్న ముద్ర ఉంగరం చేయించి, దాని మీద ఆయన వాడిన వృత్తలేఖిని బొమ్మను చెక్కించుకోవాలని నా కోరిక. ఒక పక్కన చిన్న ఓపల్ రాయి పొదిగిస్తే బాగుంటుందని కూడా అనిపిస్తోంది.

ఇది ఎవరో కానుకగా ఇచ్చేది కాదు, నాకు నేను చేయించుకునేది కనుక తొందరేమీ లేదు. అయితే స్వర్ణకారుడు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబులు లేకపోయాయి. ముఖం వెడల్పు ఎంత ఉండాలి? 22 క్యారెట్లా, 18 క్యారెట్లా? కాగితం మీద గీసిన బొమ్మ చూసి సరేనంటే చాలా? సెలవు రోజుల్లో నేను వడ్రంగం పని చేస్తాను, ఉంగరం రోజూ వేలికే ఉండాలని కోరుకుంటున్నాను. ఇలా చేయించుకున్నవారు తమ అనుభవం చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను మూడేళ్ళ క్రితం ఇలాంటిదే చేయించుకున్నాను. కాగితం మీద బొమ్మ చూసి సరేనన్నదే అందులో నేను చేసిన తప్పు. బొమ్మలో ఉంగరం పైనుంచి, పక్కనుంచి కనిపిస్తుందే గానీ దాని ఎత్తు జేబు అంచుకు తగులుతుందా, పక్క వేళ్ళను ఒరుసుకుంటుందా అన్నది చెప్పదు. నా ఉంగరం ముఖం 15 మిల్లీమీటర్లు. పిడికిలి బిగించినప్పుడల్లా దాని మూల చిటికెన వేలి పక్కను నొక్కేది. చివరకు ఆ మూలలు అరగదీయించాల్సి వచ్చింది, దాంతో ముఖం మీది చెక్కడానికి చుట్టూ ఉన్న ఖాళీ సగం పోయింది.

కాబట్టి మైనపు నమూనా చేతికి వచ్చేవరకు దేనికీ తుది మాట ఇవ్వకండి. పోత పోసే పద్ధతిలో ముందు ఉంగరాన్ని మైనంతో చేస్తారు, దాని చుట్టూ అచ్చు గట్టిపడ్డాక మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆ మైనపు ఉంగరాన్ని వేలికి పెట్టుకుని చూడవచ్చు, బరువూ లెక్కగట్టవచ్చు. మైనం అర గ్రాము తూగితే 18 క్యారెట్ల బంగారంలో ఉంగరం సుమారు 8 గ్రాములు, వెండిలో సుమారు 5 గ్రాములు వస్తుంది. మెరుగు పెట్టేటప్పుడు అందులో కొంత తగ్గుతుంది. అలంకరణ అలవాటు లేని చేతికి బరువు సంగతి ముందే తెలియడం చాలా అవసరం.

వేలి కొలత విషయంలో దారం చుట్టి ఇచ్చిన కొలతను నమ్మకండి. ఉదయం చలిలో వేలు సన్నబడుతుంది, ఎండలో, పని చేశాక ఉబ్బుతుంది. రోజులో రెండు మూడు వేళల్లో కొలిపించుకోండి. అదీ మీ ఉంగరం పట్టీ ఎంత వెడల్పు ఉండబోతోందో అంతే వెడల్పున్న కొలత ఉంగరాలతో, ఎందుకంటే 3 మిల్లీమీటర్ల పట్టీ సులువుగా దిగే వేలికి అదే కొలతలో 8 మిల్లీమీటర్ల పట్టీ బిగుతుగా ఉంటుంది. మీ కణుపు లావుగా, మొదలు సన్నగా ఉంటే ముద్ర ఉంగరం పైబరువుతో పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు పట్టీ లోపల, అరచేతి వైపున రెండు చిన్న గుండ్లు అతికించమని అడగండి.

ఓపల్ మాత్రం వద్దనే చెబుతాను. రాళ్ళ గట్టిదనానికి 1 నుంచి 10 వరకు అంకెలిచ్చే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 5.5 నుంచి 6.5 వరకే. మామూలు దుమ్ములో ఉండే స్ఫటిక రేణువుల కాఠిన్యం 7, అందువల్ల తుడిచిన ప్రతిసారీ గీతలు పడే అవకాశం ఉంటుంది. రోజూ పెట్టుకునే మగవారి ఉంగరానికి రాయి కావాలనుకుంటే కాఠిన్యం 9 ఉన్న నీలమో కెంపో ఎంచుకుని, చుట్టూ అంచు కట్టి పొదిగించుకోండి, కొక్కేలతో కాదు.

రెండవ సమాధానం

నేను ఈ పనిలోనే ఉన్నాను, పాత బంగారం గురించి చెబుతాను. టంకంలో బంగారం పాలు తక్కువగా ఉండి, త్వరగా కరిగే లోహాలు కలిసి ఉంటాయి. రెండు చోట్ల టంకం ఉన్న ఉంగరాన్ని ఉన్నదున్నట్టు కరిగించి పోస్తే పోతలో సన్నని రంధ్రాలు రావచ్చు, పెళుసుగానూ తయారుకావచ్చు. ముందు శుద్ధి చేయించి, ఆ తర్వాతే కొత్త బంగారంతో కలపాలి. శుద్ధికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మీ ఎదుటే తూకం వేయించుకుని, తరుగు ఎంత, మజూరి ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. ఇతరుల బంగారంతో కలపకుండా మీదే విడిగా శుద్ధి చేయమని స్పష్టంగా అడగాలి. అడగకపోతే మీ నాన్నగారి బంగారమే మీ వేలికి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వడ్రంగం చేస్తానన్నారు కాబట్టి 18 క్యారెట్లే మేలు. అందులో బంగారం 75 శాతం, మిగిలినది రాగి, వెండి వంటివి. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం, మెత్తన ఎక్కువ. చదునైన ముఖం మీద చిన్న దెబ్బ తగిలినా సొట్ట కనిపిస్తుంది. అయితే తిరిగే యంత్రం దగ్గర ఏ ఉంగరమూ ఉండకూడదు. అది చిక్కుకుంటే చర్మంతో సహా లాగేస్తుంది. ఆ వేళకు తీసి పెట్టే చోటు ఒకటి ముందే ఏర్పాటు చేసుకోండి.

మూడవ సమాధానం

చెక్కడం గురించి ఒక మాట. బొమ్మను మైనంలోనే పెట్టి పోత పోయిస్తే మెరుగు పెట్టేటప్పుడు గీతల అంచులు మొద్దుబారుతాయి. వృత్తలేఖిని వంటి సన్నని పరికరానికి పదునైన గీతే ప్రాణం కనుక, ఉంగరం ఖాళీ ముఖంతో తయారయ్యాక చేతి ఉలితో చెక్కించండి. దానితో లక్క మీద ముద్ర వేయదలిస్తే బొమ్మ తిరగేసి చెక్కాలి, కేవలం చూసుకోవడానికైతే నేరుగా ఉండాలి. ఈ రెండింటిలో ఏదో ముందే చెప్పకపోతే తర్వాత సరిదిద్దే వీలు లేదు. వృత్తలేఖినితో పాటు మూలమట్టం కూడా పెట్టాలనిపిస్తే ఒకసారి ఆలోచించండి, ఆ రెండూ కలిస్తే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం గుర్తుగా చదివేవారు చాలామంది ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఓపల్ ఆలోచన మానుకున్నాను. మైనపు నమూనాకు ముందే ఇంట్లో ఒక ప్రయత్నం చేశాను. టేకు ముక్కతో 14 మిల్లీమీటర్ల ముఖం ఉన్న ఉంగరం చెక్కి వారం రోజులు పెట్టుకున్నాను. చేతికి ఉన్నట్టే మరిచిపోతానేమో అనుకున్నాను గానీ, జేబులోంచి తాళాలు తీసిన ప్రతిసారీ తగిలింది. 11 మిల్లీమీటర్లకు తగ్గించి, మూలలు గుండ్రం చేశాక ఇబ్బంది పోయింది. ఆ టేకు ఉంగరాన్నే స్వర్ణకారుడికి ఇచ్చి, దీని కొలతలకే మైనం చేయమన్నాను. పాత ఉంగరం శుద్ధికి వెళ్ళే ముందు దాని లోపలి వైపును దగ్గరగా ఫొటో తీసి పెట్టుకున్నాను. అక్కడ సగం అరిగిన మా నాన్నగారి పేరులోని మొదటి అక్షరం ఇంకా కనిపిస్తోంది. దానిని కొత్త పట్టీ లోపల అదే చోట, ఆ ఫొటోలో ఉన్న ఆకారంలోనే చెక్కమని అడిగాను.