ముందు షాట్‌గన్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) కోయించాలా, దాని మీద చెంప ఆనేచోటి ఎత్తు సరిచేయాలా?

ఆర్నెల్లుగా క్లే షూటింగ్ (గాల్లోకి విసిరే పళ్లేలను కాల్చడం) నేర్చుకుంటున్నాను. తుపాకీ మా మావయ్యది. ఆయన ఆరడుగుల మనిషి, నేను ఐదడుగుల మూడంగుళాలు. స్టాక్ నాకు పొడవైపోయి, ఎత్తేటప్పుడు దాని మడమ (వెనక చివర పైమూల) చంక దగ్గర జాకెట్‌కి తట్టుకుంటోంది. కాల్చి ఇంటికొచ్చాక చూసుకుంటే కమిలిన మచ్చ భుజం గుంటలో కాదు, జబ్బ మీద!

"నువ్వే తుపాకీకి అలవాటు పడాలి" అంటారు తోటివాళ్లు. నాకు నమ్మకం లేదు. రైఫిల్‌లా దీనికి వెనక సైటు ఉండదు, మన కన్నే ఆ పని చేయాలి. చెంప కాస్త దిగినా గురి దిగిపోతుంది కదా. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి తెరిస్తే నాకు గొట్టం కొసనున్న గురిపూస కనిపించదు, రిసీవర్ (గొట్టం వెనకుండే లోహపు పెట్టె) వీపు కనిపిస్తుంది.

16 గజాల నుంచి కాగితం మీద కాల్చి చూశాను. గుళ్లు మూడంగుళాలు కిందికి పడుతున్నాయి. ఆ దూరంలో అంగుళం తేడాకి చెంప ఆనేచోట అంగుళంలో 16వ వంతు మార్చాలన్న లెక్కన, దాదాపు 5 మిల్లీమీటర్లు ఎత్తు పెంచాలి.

చిక్కేమిటంటే, స్టాక్ పొట్టి చేయిస్తే చెంప ముందుకు జరుగుతుంది. అక్కడ చెక్క ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క మారిపోతుందేమో! చెక్క ఒకసారి కోశాక అతికించలేం, అదే నా టెన్షన్.

ముందు అంటించే ప్యాడ్‌తో చెంప ఎత్తు చూసుకోవాలా, పొడవు తేల్చాకే దాని జోలికెళ్లాలా? చేయించుకున్నవాళ్లు చెప్పండి. నాది కుడిచేతి వాటం, కుడి కన్నే బలమైనది.