సమస్య: ఒక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

ఒక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె

విషయం ఐస్ హాకీ. ఆట మానేసినవాళ్లలో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (హాకీ మేటుల గౌరవ మందిరంలో) చోటు ఎవరికి దక్కాలి అన్నది ఎప్పటికీ తెగని తగాదా. ఆడడం ఆపి మూడు సీజన్లు గడవాలి. 18 మంది కమిటీలో కనీసం 14 ఓట్లు పడాలి. ఏడాదికి పురుషుల్లో నలుగురిని, మహిళల్లో ఇద్దరిని మించి తీసుకోరు. ఎవరు ఎవరికి ఓటేశారో బయటికి చెప్పరు. చెప్పరు కాబట్టే మనకింత పని.

పూరణతో పాటు మీ ఓటు ఎవరికో కూడా రాయండి. ఒక మాట ముందే చెబుతున్నాను: ఒక్క, యెక్కె అన్నచోట ఉన్నది ప్రాసయతి. ఒకారానికి ఎకారానికి యతి చెల్లదంటూ దయచేసి ఎవరూ పాఠం మొదలుపెట్టవద్దు.

చలికోటు:
నాకు వెంటనే తట్టినవాడు సోవియట్ గోలీ (వల కాచే ఆటగాడు) ట్రెత్యాక్.

మాస్కొ వీరుఁడు ట్రెత్యాకు మంచు నేల
వలకుఁ గావలి గాచి తా వన్నె కెక్కె;
దాటి సంద్రము నా లీగు దరికిఁ బోక
యొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

నిర్వాహకుడు:
తొలి పూరణే బాగా కుదిరింది. అభినందనలు. రెండు సూచనలు. 'మాస్కో'లో చివరి దీర్ఘాన్ని గణం కోసం కొరికేశారు. 'మాన్య వీరుఁడు' అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి. రెండో పాదం చివర 'కెక్కె', నాలుగో పాదంలో మళ్లీ 'యెక్కె' చెవికి తగులుతున్నాయి. 'వాసి గాంచె' అని మార్చి చూడండి.

విషయానికి వస్తే, 1983 డ్రాఫ్టులో (ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా లీగు జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) మాంట్రియల్ కెనేడియన్స్ ట్రెత్యాక్‌ను ఎంచుకుంది. సోవియట్ అధికారులు వెళ్లనివ్వలేదు. 1984లో ఆట మానేశాడు, 1989లో హాల్‌లోకి వచ్చాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆటా ఆడలేదు. 'ఆ లీగులో ఆడనివాడికి ఎందుకు' అని ఇప్పటికీ గొణిగేవాళ్లున్నారు. ఆ భవనం పేరులో హాకీ అని ఉందిగానీ లీగు అని లేదు కదా!

చలికోటు:
ధన్యవాదాలు. రెండు సవరణలూ తీసుకుంటున్నాను.

పెన్సిలు ముక్క:
నాదీ గోలీ పద్యమే. గోలీల్లో అందరికంటే ఎక్కువ గెలిచినవాడు.

ఆఱునూర్లకు పైఁబడి యాట గెలిచి
బ్రోడురను వాఁడు వల ముందు పోటు లాఁపి
పక్కు నాపెడు పని తప్ప పరుగు లేక
యొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

లెక్కల మాస్టారు:
గణాలు సరి, యతులు సరి, చరిత్ర తప్పు. బ్రోడ్యూర్ గెలిచినవి 691, అది నిజమే. కానీ ఆయన పేరు మీద మూడు గోల్స్ ఉన్నాయి. 1997 ప్లేఆఫ్స్‌లో ఒకటి, తర్వాత 2000లో ఒకటి, 2013లో ఒకటి. గోల్ కొట్టిన గోలీలు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మీరు సరిగ్గా వాళ్లలోనే ఒకరిని పట్టుకొచ్చారు.

పెన్సిలు ముక్క:
అయ్యో! బ్రో–పో యతి కుదిరిందన్న సంబరంలో అసలు సంగతి చూసుకోలేదు. మనిషిని మార్చాను.

మొగము చీలిన ప్లాంటు తా ముసుఁగు దొడిగి
మరల వలచెంత నిలిచెను మంచు మీఁద
నడ్డుకొనుటయె తన విద్య, యైన నేమి?
యొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

నిర్వాహకుడు:
ఇది ముందుదానికంటే ఎంతో మేలు. జాక్ ప్లాంట్ 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ముఖానికి పక్కు (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగిలి లోపలికి వెళ్లి, కుట్లు వేయించుకుని, ముసుగు పెట్టుకుంటేనే ఆడతానని తిరిగొచ్చాడు. ఆ తర్వాత గోలీల ముఖాలే మారిపోయాయి. అలాంటివాడిని ఏ అంకెతో తూచాలి? 'యైన నేమి' అన్న రెండు మాటల్లో ఆ ప్రశ్న మొత్తం ఇమిడింది. మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం.

మూడో వరుస:
అందరూ గోలీల వెంటే పడ్డారు. నేను ఈల పట్టినవాడి వైపు వెళ్లాను.

చారలంగీ తొడిగి గీఁత చాయ నిలిచి
రెండు వేలైదు వందల రేలు గడపి
కఱ్ఱ పట్టని నిర్ణేత కాంచెఁ గీర్తి;
యొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

నిర్వాహకుడు:
లైన్స్‌మన్ (గీతల దగ్గర నిలిచే అధికారి) రే స్కాపినెల్లో, 2008లో హాల్‌లోకి వచ్చాడు. 33 సీజన్లలో ఒక్క ఆటా తప్పలేదు. చక్కటి ఊహ. కానీ మనం అడిగింది ఆటగాళ్ల గురించి. అధికారులకు అక్కడ వేరే వరుస ఉంది. పద్యానికి మార్కులు వేస్తాను, ఓటు లెక్కలో కలపను.

తొలి అడుగు:
నమస్కారమండీ, నేను కొత్త. ఒక సందేహం. 'గోలైన' అన్నదాన్ని గోల + ఐన అని విడదీయవచ్చా? ఒక్క గోల కూడా చేయకుండా నెమ్మదిగా పైకి వచ్చినవాడు అని రాద్దామనుకుంటున్నాను.

నిర్వాహకుడు:
సంధి ఒప్పుకుంటుంది. తెలుగు ఒప్పుకోదు. గోల చేస్తాం, గోల పెడతాం, గోల కొట్టం. సమస్యలో 'కొట్టక' అని ఉందిగా. కానీ విరుపు కోసం వెతికే చూపు మీకుంది, వదలకండి.

లెక్కల మాస్టారు:
నా ఓటు కర్టిస్ జోసెఫ్‌కు. లెక్క పద్యంలోనే ఉంది.

నాల్గు వందల యేబది నాల్గు గెలిచి
కప్పు లేకున్న జోసెఫుఁ గాంచ రెవరు;
రెండు కప్పుల బారసో రీవితోడ
నొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

454 గెలిచినవాడు బయట. 369 గెలిచిన టామ్ బరాసో, 385 గెలిచిన మైక్ వెర్నన్ ఇద్దరూ 2023లో లోపల. తేడా స్టాన్లీ కప్పు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ విజేత జట్టుకు ఇచ్చేది. కప్పు జట్టుది, గద్దె మనిషిది. ఒకదాని కొలత ఇంకొకదానికి ఎలా పెడతారు?

మూడో వరుస:
మాస్టారూ, బరాసోకు కప్పులే కాదు, 1984లో కాల్డర్ (ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి), వెజినా (ఉత్తమ గోలీ బహుమతి) రెండూ ఒకే ఏడాది వచ్చాయి. పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) కూడా 48, ఏ గోలీకీ లేనన్ని. అన్నీ అసిస్టులే (తోటివాళ్ల గోల్స్‌కు పక్కు అందించినవే), గోల్ ఒక్కటీ లేదు. కాబట్టి మీ నాలుగో పాదం నూటికి నూరుపాళ్లు నిజం. 'రీవితోడ' మాత్రం పూర్తి నిజం కాదు. ఆయన ఆడింది 2003 వరకు, పిలుపు వచ్చింది 2023లో. అన్నేళ్లు గుమ్మంలో నిలబడ్డవాడికి రీవి ఎక్కడిది?

నిర్వాహకుడు:
అంకెను ఒక్క అక్షరం తేడా లేకుండా పాదంలో ఇమిడ్చారు, అది మెచ్చుకోవాలి. వాదన వరకు నేను మాస్టారి పక్షం. గోలీల దగ్గరే కప్పు మాట ఎక్కువగా వినిపిస్తుంది. ముందు ఆడే ఐదుగురు గోల్స్ కొట్టకపోతే వెనక ఉన్నవాడు ఎన్ని ఆపితే మాత్రం గెలుస్తాడు?

చలికోటు:
రాత్రి ఇంకొకటి తట్టింది. నా మొదటి పద్యానికి ఇది రెండో సగం.

మూఁడు మ్యాచుల గెలుపుకు మూల మగుచు
గడియ చివరను హెండర్సు కాచి కొట్టె;
వాఁడు వాకిట, వల గాచువాఁడు చూడ
నొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

లెక్కల మాస్టారు:
గడియ అంటే 24 నిమిషాలు. హెండర్సన్ ఆ గోల్ కొట్టేసరికి మిగిలింది 34 సెకన్లు. (పద్యం మాత్రం అదిరింది.)

నిర్వాహకుడు:
చలికోటు గారూ, సమస్య ఇచ్చిన నాకే ఈ సంగతి తట్టలేదు. 1972లో కెనడా, సోవియట్ జట్ల మధ్య ఎనిమిది ఆటల సిరీస్. ఆరు, ఏడు, ఎనిమిది ఆటల్లో గెలుపు గోల్ పాల్ హెండర్సన్‌దే. చివరిది సెప్టెంబరు 28న, మాస్కోలో. ఆ గోల్ పడినప్పుడు వల ముందున్నవాడు ట్రెత్యాక్! గోల్ తిన్నవాడు 1989 నుంచి లోపల ఉన్నాడు, కొట్టినవాడు ఇంకా బయటే ఉన్నాడు. ఒక్క పాదంలో 'వాఁడు వాకిట' అని ఒకరిని, 'వల గాచువాఁడు' అని ఒకరిని ఎదురెదురుగా నిలబెట్టారు. ఈ వారానికి నాకు ఇదే మొదటి పూరణ.

ఒకే ఒక్క దోషం. 'గెలుపుకు' వ్యావహారికం, కావ్యభాషలో 'గెలుపునకు' కావాలి, అది గణానికి సరిపోదు. 'గెలుపుల మూల మగుచు' అంటే సరి. గడియ సంగతి మాస్టారు చెప్పారు. నేను దాన్ని గడియారం అని చదువుకున్నాను.

మూడో వరుస:
పద్యం సరే, ఓటు మాటేమిటి? హెండర్సన్‌కు ఎన్‌హెచ్‌ఎల్‌లో 236 గోల్స్. పక్కన థియో ఫ్లూరీని చూడండి. 455 గోల్స్, 1084 ఆటల్లో 1088 పాయింట్లు, 1989లో కప్పు, 2002లో ఒలింపిక్ స్వర్ణం. ఆయనా బయటే. ఒక నెల ఆటకు గద్దె ఇస్తే, పదిహేను సీజన్ల ఆటకు ఏమివ్వాలి?

చలికోటు:
ఆ ఒక్క నెలే జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు కదా. హాల్ ఆఫ్ 'ఫేమ్' అని పేరు పెట్టి, ప్రఖ్యాతిని లెక్కలోకి తీసుకోకపోవడం నాకు అర్థం కాదు. అంతర్జాతీయ సమాఖ్య 2013లో తన హాల్‌లోకి ఆయన్ను తీసుకుంది.

నిర్వాహకుడు:
నా ఓటు ఫ్లూరీకే. హెండర్సన్‌కు ఓటు వేయను, పద్యానికి వేస్తాను. ఎన్నికలో నాకున్న అధికారం అంతవరకే.

పెన్సిలు ముక్క:
ఇంకో ప్రయత్నం. అలెగ్జాండర్ మొగిల్నీ 1992–93లో 76 గోల్స్ కొట్టాడు. చివరి సీజన్ 2005–06. పిలుపు వచ్చింది 2025లో. 'కింగ్' అని పిలిపించుకున్న హెన్రిక్ లుండ్‌క్విస్ట్ అనే గోలీ మాత్రం అర్హత వచ్చిన తొలి ఏడాదే, 2023లో, లోపలికి వెళ్లాడు.

డెబ్బదాఱొక్క యేఁడాది దెబ్బఁ గొట్టి
మొగిలి! నీవేల యిన్నేండ్లు మూల నుండ?
ననుచు వలరాజు వాపోయె, నతఁడు మున్నె
యొక్క గోలైనఁ గొట్టక యెక్కె గద్దె.

లెక్కల మాస్టారు:
వలరాజు అంటే మన్మథుడు. మంచు మీద ఆయనకేం పని?

నిర్వాహకుడు:
వల ముందు నిలిచే రాజు వలరాజు కాక మరెవరు? పూలబాణాల దేవుడు పక్కనుండగా 'మొగిలి' అని పూవు పేరు కూడా పడింది. పేరును సగానికి కోసినా ఇక్కడ తప్పు పట్టను. మొదటి పాదంలో డెబ్బ–దెబ్బ ప్రాసయతి చప్పట్లు కొట్టినట్టుంది. ఆడి మానేసిన ఇన్నేళ్లకు పిలుపు రావడంతో ఒకటి తేలింది: అప్పటికీ ఇప్పటికీ ఆయన గోల్స్ ఒక్కటీ పెరగలేదు, ఓట్లే పెరిగాయి. జోసెఫ్, ఫ్లూరీ పక్షాన ఉన్నవాళ్లు ఇంకా ఆశ వదలనక్కర్లేదు.

పెన్సిలు ముక్క:
ధన్యవాదాలు. ఈ ఊపులో నా బ్రోడ్యూర్ పద్యం గురించి ఒక మనవి. ఆయన కొట్టినవి మూడు. అంటే 'ఒక్క' గోల్ కొట్టలేదు, మూడు కొట్టాడు. అలా అర్థం చెప్పుకుంటే పద్యం నిలుస్తుంది కదా?

నిర్వాహకుడు:
'ఒక్క గోలు' అని ఉంటే ఆలోచించేవాడిని. 'ఒక్క గోలైనన్' అని ఉంది. ఆ 'ఐనన్' మిమ్మల్ని దాటనివ్వదు.

లెక్కల మాస్టారు:
అది కూడా గోలీయే.