షెనాండోవా కుటుంబ నడక: నవంబర్ రెండో శనివారం, వాలంటీర్లు కావాలి

సమన్వయం:
అందరికీ నమస్కారం. ఈసారి మన సంఘం కుటుంబ నడక వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో, ఫాక్స్ హాలో ట్రెయిల్ మీద. ఆకుల రంగులు చూడాలంటే అక్టోబర్ కదా అని చాలామంది అడిగారు. ఆ వారాంతాల్లో గేటు దగ్గరే కార్లు బారులు తీరుతాయి. అసలు కారణం వేరే ఉంది. ఆకులు రాలిపోయాకే ఆ అడవిలో పాత రాతి గోడలు బాగా కనిపిస్తాయి. మనం వెళ్లేది వాటి కోసమే.

పోయినేడు మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్నీ మా పెద్దవాణ్నీ అక్కడికి తీసుకెళ్లాను. వాడికి పద్నాలుగేళ్లు. అప్పటిదాకా తాతామనవళ్ల మాటలు "బాగున్నావా తాతా", "బాగున్నా నాయనా" దగ్గరే ఆగిపోయేవి. దారిలో ఒకచోట చెట్ల మధ్య రాళ్ల కుప్పలు చూసి నాన్న నిలబడిపోయాడు. "ఇది అడవి కాదురా, చేను. దున్నేటప్పుడు అడ్డమొచ్చిన రాళ్లు ఏరి ఇట్ల కుప్ప పోసినారు" అన్నాడు. నిజమే. ఫాక్స్ అనే కుటుంబం సాగు చేసుకున్న నేల అది. 1935లో ఏర్పడిన ఈ పార్కు కోసం ఆ రోజుల్లో కొన్ని వందల కుటుంబాలను కొండల మీద నుంచి ఖాళీ చేయించారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

"మరి వాళ్ల ఇళ్లు ఏమయ్యాయి తాతా?" అని వాడు అడిగాడు. నాన్న జవాబు చెప్పలేదు, తన ఊరి గురించి మొదలుపెట్టాడు. మాది కర్నూలు జిల్లాలో శ్రీశైలం డ్యామ్ నీళ్ల కింద పోయిన ఊరు. 1981లో ఖాళీ చేయించినప్పుడు నేను చంకలో పిల్లాణ్ని. ఎండాకాలం నీళ్లు తగ్గితే గోడలు బయటపడేవని, మొదట్లో ఏటా వెళ్లి మా ఇంటి గడప రాయి ఎక్కడుందో వెతుక్కునేవాడినని నాన్న ఆ రోజు వాడికి చెప్పాడు. నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చుట్టూ తిరిగి వచ్చే ఆ దారి 1.2 మైళ్లే, గంటలో అయిపోయేది. మాకు మూడు గంటలు పట్టింది.

అందుకే నా విన్నపం ఒక్కటే. మైకు, ఆటల పోటీలు, బహుమతులు ఈ ఒక్కసారికి వద్దు. పెద్దవాళ్లు ఎంత మెల్లగా నడిస్తే అందరం అంతే మెల్లగా నడుద్దాం. దారిలో వాళ్లు తమ ఊరి సంగతులు చెప్తుంటే పిల్లల్ని విననిద్దాం.

రవాణా:
ఫ్రంట్ రాయల్ గేటులోంచి వెళ్తే 4.6 మైలు దగ్గర డికీ రిడ్జ్ విజిటర్ సెంటర్ వస్తుంది. పార్కింగు, బాత్రూములు అక్కడే, ట్రెయిల్ రోడ్డుకి అవతలి పక్క. కారుకి 30 డాలర్లు కాబట్టి ఐదుగురు చొప్పున సర్దుకుందాం. 62 ఏళ్లు నిండిన అమెరికా సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ సీనియర్ పాస్ ఇస్తారు, అది ఉన్నవాళ్లు ఎక్కిన కారుకి విడిగా కట్టక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఆ పాస్ రాదు, వాళ్లను పాస్ ఉన్నవాళ్ల కార్లలో ఎక్కిద్దాం.

యూత్ టీమ్:
అన్నా, 1.2 మైళ్లంటే మా పిల్లలు నవ్వుతారు. ఇదే పార్కులో ఉన్న ఓల్డ్ రాగ్ కొండ పెడితే?

సమన్వయం:
అక్కడ బండరాళ్ల మీద చేతులతో పట్టుకుని ఎక్కాలి తమ్ముడూ, తాతలూ అవ్వలూ రాలేరు. వాళ్లు లేకపోతే ఈ నడకే లేదు. మధ్యాహ్నం ఓపిక ఉన్న పిల్లల్ని అక్కడి నుంచే స్నీడ్ ఫామ్ వైపు తీసుకెళ్లు. పాత ఆపిల్ తోట ఉండిన చోటు, పశువుల కొట్టం ఇంకా నిలిచే ఉంది.

భద్రత:
ఐదింటికల్లా చీకటి పడుతుంది, నాలుగుకి అందరూ కార్ల దగ్గర ఉండాలి. చలి వచ్చినా టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదులు) ఉంటాయి, నిండా ప్యాంటు, సాక్స్ వేసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు, తినగా మిగిలింది ఒక్క మెతుకు కూడా వదలొద్దు. ఫాక్స్ హాలోలోకి కుక్కల్ని రానివ్వరు. ఇంకో ముఖ్యమైన మాట. పాత సీసా ముక్క దొరికినా, ఇనుప ముక్క దొరికినా పిల్లలు జేబులో వేసుకోకూడదు. పార్కు రూలు అది. అక్కడ బతికినవాళ్ల గుర్తులవి.

భోజనాలు:
మా ఊరు మునగలేదు, మా అత్తగారు ఇండియాలో ఉన్నారు. మా అమ్మాయి ఏం చేయాలి?

సమన్వయం:
ఊరు మునగక్కర్లేదు అక్కా. కాలవ గట్టు, బడికి నడిచిన దారి, ఏదైనా సరే. కాకపోతే ట్రెయిల్ మీద ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం, వీడియో కాల్ కుదరదు. ముందు వారమే అమ్మాయి చేత మీ అత్తగారికి ఫోన్ చేయించి, ఆమె మాటలు రికార్డు చేయించండి. ప్రశ్నలు మీరు రాసివ్వకండి, తననే అడగనివ్వండి.

సమన్వయం వాళ్ల అబ్బాయి:
ఇది నేను టైప్ చేశాను, తప్పులు నాన్న దిద్దారు. పెద్దవాళ్లు వాళ్ల ఊరి మ్యాప్ గీస్తే మేము పక్కన పేర్లు రాస్తాం. అట్టలు, పెన్సిళ్లు నేను తెస్తాను. ఊరు మునిగితే గుడి ఏమైందని తాతను అడిగాను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారట. ఇళ్లను అలా ఎందుకు కట్టలేదని అడిగితే తాత చాలాసేపు మాట్లాడలేదు.

సమన్వయం:
ఇంకా కావాల్సినవి: మడత కుర్చీలు నాలుగు (నా దగ్గరున్న రెండు కాక), ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్లు ఒకరు, వరుస చివర నడిచేవాళ్లు ఇద్దరు.

మోకాళ్ల నొప్పితో నాన్న ఈసారి రావడం లేదు. ఊరి మ్యాప్ గీసి వాట్సాప్‌లో పంపాడు. రచ్చబండ, చింతచెట్టు, మంచినీళ్ల బావి అన్నీ ఉన్నాయి. బావి పక్కన ఒక ఇల్లు గీసి, పేరు రాయకుండా వదిలేశాడు. ఎవరిదో గుర్తు రావడం లేదట. మన సంఘంలో ఆ వైపు ముంపు ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి. మావాడు ఆ మ్యాప్ పట్టుకొస్తాడు.