బండ్ల మెయింటెనెన్స్ బయటికివ్వాలా, మన షెడ్డులోనే ఉంచుకోవాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి

ర్యాంప్‌మీద

నమస్కారం అందరికీ. మాది ఒక పబ్లిక్ సంస్థ. చిన్నవీ పెద్దవీ కలిపి 180 బండ్లున్నాయి. ఆఫీసు కార్లు, పికప్‌లు, చెత్త లారీలు, నీళ్ల ట్యాంకర్లు, రెండు క్రేన్లు, కొన్ని అంబులెన్సులు. సొంత షెడ్డు ఉంది, 11 మంది మెకానిక్‌లున్నారు. వాళ్లలో ముగ్గురు రెండేళ్లలో రిటైరవుతారు. కొత్తవాళ్లను తీసుకునే బదులు మొత్తం మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి ఇచ్చేద్దామని పైనుంచి మాట వచ్చింది. ఒక కాంట్రాక్టర్ వచ్చి, బండికి నెలకు ఇంత అని ఒకే రేటు చెప్పి, ఇక మీకు ఏ టెన్షనూ ఉండదని ప్రెజెంటేషన్ ఇచ్చి వెళ్లారు. ఆ రేటు మా ఖర్చుకంటే తక్కువే కనిపిస్తోంది.

ఆరు వారాల్లో నోట్ పెట్టాలి. నేను అవుననీ అనలేకపోతున్నాను, కాదనీ అనలేకపోతున్నాను. ఇలా చేసి చూసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఖాతాపుస్తకం

నేను అకౌంట్స్ వైపు మనిషిని. ఇలాంటి నోట్లు రెండు చోట్ల తయారు చేశాను. మొదటిది తప్పు చేశాను కాబట్టి అదే ముందు చెబుతాను.

మీ ఖర్చు అంటున్న అంకెలో ఏమేం కలిపారు? షెడ్డు బిల్డింగు, కరెంటు, వాచ్‌మన్, మీ జీతం, హెడ్డాఫీసు ఖర్చులో వాటా, ఇవన్నీ ఉంటే దాన్ని కాంట్రాక్టర్ రేటు పక్కన పెట్టి పోల్చకూడదు. పని బయటికిచ్చాక కూడా ఆగని ఖర్చు ఆదా కిందికి రాదు. మా దగ్గర మెకానిక్‌లు వెళ్లిపోయారు గానీ షెడ్డు అలాగే ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, సూపర్‌వైజర్ ఉన్నారు. పైగా కాంట్రాక్టర్ బిల్లులు సరిచూడడానికి కొత్తగా ఇద్దరు కావలసి వచ్చారు. కాగితం మీద కనబడిన ఆదా చాలావరకు ఇలాగే కరిగిపోయింది.

షెడ్డు ఉండాలనేవాళ్లు కూడా ఒక తప్పు చేస్తారు. మెకానిక్ గంట ఖరీదు అడిగితే ఏడాది జీతాన్ని 2080తో భాగిస్తారు. వారానికి 40 గంటలు, 52 వారాలు, అదీ లెక్క. జీతం 2080 గంటలకూ ఇస్తాం, చెయ్యి బండి మీద అన్ని గంటలూ ఉండదు. సెలవులు, ట్రైనింగు, స్టోర్ దగ్గర స్పేరు కోసం నిలబడడం, బండిని లోపలికీ బయటికీ తిప్పడం అన్నీ పోగా, మా జాబ్ కార్డుల్లో (ఏ బండికి ఏ పని, ఎన్ని గంటలు అని రాసే కాగితాలు) ఎక్కినవి ఒక్కొక్కరికి 1300 గంటలే. 2080ని 1300తో భాగించి చూడండి, 1.6 వస్తుంది. అంటే అసలు ఖరీదు మేం అనుకున్నదానికి 1.6 రెట్లు. ఈ తేడా బయటపడిన రోజు నోరెత్తలేకపోయాను.

ర్యాంప్‌మీద

మేం 2080తోనే వేశాం. బిల్డింగు ఖర్చూ కలిపాం. రెండూ తప్పే అన్నమాట. మళ్లీ కూర్చుంటాను.

రెండోషిఫ్టు

మేం మొత్తం బయటికిచ్చి నాలుగేళ్లు నడిపాం. బండికి నెలకు ఇంత అనే పద్ధతే మాదీ. అందులో ఉన్న చిక్కు నేను నేలమీద కూర్చుని చూశాను, చెబుతాను.

రేటు ఫిక్స్ అయితే పని తగ్గే కొద్దీ కాంట్రాక్టర్‌కి మిగులుతుంది. బ్రేక్ ప్యాడ్ 3 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే మార్చేయడం మామూలు. మా పికప్ ఒకటి సర్వీసింగ్ అయి వచ్చిన మూడో వారానికే బ్రేకు తొక్కితే గీసుకున్న చప్పుడు. చక్రం విప్పితే ప్యాడ్ మీద మెటీరియల్ లేదు, వెనకాల ఇనుప పలక నేరుగా డిస్క్‌ని కోస్తోంది. డిస్క్ మీద వేలు పెడితే గాడి తగిలింది. జాబ్ కార్డులో మాత్రం ‘బ్రేకులు చెక్ చేశాం, ఓకే’ అని సంతకం ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గొడవ చేసి రెండో కాంట్రాక్టులో గంటల లెక్క, స్పేర్ల లెక్క పెట్టాం. ఈసారి ఎదురు తిరిగింది. 7 మి.మీ. ఉన్న ప్యాడ్లు కూడా మార్చేసి బిల్లు పంపారు. పాత ప్యాడ్లు చూపించమంటే పారేశామన్నారు.

ఫిక్స్ రేటుకి తక్కువ పని, గంటల లెక్కకి ఎక్కువ పని. ఆ కాంట్రాక్టర్ చెడ్డవాడని కాదు, డబ్బు ఎటు లాగితే పని అటు పోతుంది. మధ్యలో మన మనిషి ఒకరు టార్చిలైటు, గేజి పట్టుకుని నిలబడకపోతే ఏ కాగితమూ కాపాడదు. మేం ఆ మనిషిని కూడా పంపించేశాం. అదే మేం చేసిన పెద్ద తప్పు.

ఇంకో మాట. బండి ఎన్ని గంటలు ఆగింది అనే లెక్క ఎక్కడ మొదలవుతుందో కాంట్రాక్టులో రాయించండి. వాళ్ల గేటులోకి వచ్చాక అని వాళ్లు రాసుకుంటారు. డ్రైవరు తాళం ఇచ్చిన దగ్గర్నుంచి అని మనం రాయాలి. మా బండ్లు వాళ్ల గేటు బయట వరసలో రెండు రోజులు నిలబడేవి, రిపోర్టులో మాత్రం అన్నీ అదే రోజు రిపేరైనట్టు వచ్చేది.

నీలిబండి

రెండోషిఫ్టు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బయటి గ్యారేజీకి ఒక బండి పంపాలంటే ఇద్దరు డ్రైవర్లు కావాలి. ఒకరు రిపేరు బండి తోలుకెళ్తారు, రెండో మనిషి వెనకాల ఇంకో బండిలో వెళ్లి ఆయన్ని తీసుకొస్తారు. తెచ్చుకునేటప్పుడు మళ్లీ ఇదే. ఒక ఆయిల్ మార్పుకి నాలుగు ట్రిప్పులు, సగం పూట. ఈ ఖర్చు మెయింటెనెన్స్ పద్దులో ఎక్కడా కనబడదు. మేం మూడు నెలలు రాసి చూసుకుని, బండి తీసుకెళ్లడం, తిరిగి తెచ్చి ఇవ్వడం కాంట్రాక్టర్ పనిలోనే పెట్టించాం. రేటు కొంచెం పెరిగింది, అయినా అదే మేలు.

జాబ్‌కార్డు

అందరూ ఒకే వైపు చెబుతున్నారు. మాకు బయటికివ్వడమే మేలైంది, అది కూడా వినండి.

మా షెడ్డు పరిస్థితి బాగుండేది కాదు. ఒకే బండి ఒకే జబ్బుతో నెలలో మూడుసార్లు వచ్చేది. వారంటీలో ఉన్న బండికి కూడా మేమే డబ్బు పెట్టి పార్టు వేసేసేవాళ్లం, క్లెయిమ్ చేసే నాథుడు లేడు. స్కానర్ ఉంది గానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించక కొత్త బండ్లు దానికి అందేవి కావు. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగ గొట్టంలో మసి ఫిల్టరు, యూరియా ద్రావణం, వాటి సెన్సర్లు ఉంటాయి కదా. లైటు వెలిగితే మావాళ్లు ఒక్కో పార్టూ మార్చి చూసేవాళ్లు. అసలు సంగతేమిటంటే, బండి దగ్గర దగ్గర ట్రిప్పులే తిరిగితే ఫిల్టరు తగినంత వేడెక్కదు, అందులో మసి కాలదు. కొన్నాళ్లు దూరం తిప్పించాల్సిన బండికి మేం సెన్సర్లు మారుస్తూ కూర్చున్నాం.

కార్లు, పికప్‌లు బయటికిచ్చాక ఆ తలనొప్పి పోయింది. ప్రతి పనికీ రికార్డు ఉంది, వారంటీ డబ్బు వస్తోంది. నా ఉద్దేశంలో సొంత షెడ్డు గొప్పదా, కాంట్రాక్టు గొప్పదా అని వాదించుకునే ముందు మీ షెడ్డు ఇప్పుడు ఎలా ఉందో చూడాలి. ఏడాది కార్డులు తీసి, అదే పనికి 30 రోజుల్లో తిరిగి వచ్చిన బండ్లెన్నో లెక్కపెట్టండి.

స్పానర్14

నేను మెకానిక్‌ని. 22 ఏళ్లుగా లారీల కిందే ఉన్నాను. జాబ్‌కార్డు అన్నా, మీరు చెప్పిన స్కానర్ సంగతి నిజం, ఒప్పుకుంటాను. కానీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాల్సింది మెకానిక్ కాదు కదా. అప్‌డేట్‌కి డబ్బివ్వకుండా, ట్రైనింగుకి పంపకుండా, స్పేరు కావాలని పెట్టిన ఇండెంట్ మీద నెలరోజులు సంతకం పెట్టకుండా ఉంచి, చివరికి మీకు పని రాదు అంటే కడుపు మండుతుంది. బయటివాడికి అదే స్పేరు సాయంత్రానికి వస్తుంది, ఎందుకంటే అతను ఫోన్ చేసి తెప్పించుకుంటాడు. మాకూ ఆ వీలు ఇచ్చి ఆరు నెలలు చూడండి, ఆ తర్వాత పోల్చండి.

బయటికిచ్చేవాళ్లు మరిచిపోయే పని ఇంకోటుంది. పెద్ద బండి చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుందో కొలిచే పానా) చూడాలి. మా షెడ్డులో అయితే సాయంత్రం బండి ఎలాగూ లోపలికి వస్తుంది, రెండు నిమిషాల పని. బయట చేయిస్తే దీనికోసం బండిని మళ్లీ ఎవరు పంపుతారు? నట్టు వదులైందా లేదా అని నేను ముందు రెంచ్‌తో కాదు, కంటితో చూస్తాను. నట్టు చుట్టూ తుప్పు రంగు గీత దిగి ఉంటే ఆ బండి కదలకూడదు. దాన్ని రోజూ చూసే కన్ను గేటు దగ్గర ఒకటి ఉండాలి.

ఎర్రబండి

ఫైర్ బండ్లు చూసుకుంటాను. అంబులెన్సుల సంగతీ ఇదే అనుకోవచ్చు కాబట్టి రాస్తున్నా.

ఈ బండ్లను ఎన్ని కి.మీ. తిరిగాయి అని చూసి లాభం లేదు. తిరిగేది తక్కువ, నిలబడి ఇంజన్ నడిచేది ఎక్కువ. పంపు నడుస్తున్నంతసేపూ కిలోమీటరు మీటరు కదలదు. కి.మీ. లెక్కన సర్వీసింగ్ అని కాంట్రాక్టులో రాస్తే ఆయిల్ నల్లబడి చిక్కబడ్డాక గానీ ఆ తేదీ రాదు. ఇంజన్ గంటలు రాయించండి. క్రేన్లకూ, చెత్త నొక్కే లారీలకూ అంతే.

రెండోది, రాత్రి రెండు గంటలకు హైడ్రాలిక్ గొట్టం పగిలితే ఎవరొస్తారు? కాంట్రాక్టర్‌కి మీరు ఒక్కరే కస్టమర్ కాదు. అత్యవసర బండ్లకు మా మనుషులే ఉండాలని మేం గట్టిగా పట్టుబట్టాం, ఇప్పటికీ అలాగే ఉన్నాం.

ర్యాంప్‌మీద

మూడు వారాలైంది, చెప్పినవన్నీ చేస్తూ వచ్చాను. జాబ్‌కార్డు గారి లెక్క ముందు తీశాను. ఏడాది కార్డుల్లో 30 రోజుల్లోపు తిరిగి వచ్చినవి చూస్తే, ఎక్కువ కార్లవీ పికప్‌లవే. కరెంటు పనులు, ఏసీ, ఇంజన్ లైట్లు. లారీల్లో, ట్యాంకర్లలో అలా తిరిగి వచ్చినవి చాలా తక్కువ. మావాళ్లకు ఏది చేతనైన పనో కార్డులే చెబుతున్నాయి.

ఒక డౌట్. 180 బండ్లకు ఎంతమంది మెకానిక్‌లు ఉండాలో ఎలా తేల్చడం? కాంట్రాక్టర్ 7 మంది చాలంటున్నారు.

ఖాతాపుస్తకం

బండ్ల సంఖ్యతో తేల్చకండి. అమెరికా వైమానిక దళంలో మొదలైన ఒక పద్ధతి ఉంది, చాలా సంస్థలు వాడుతున్నాయి. మామూలు కారును 1 అనుకుని, ఏడాదిలో దానికి పట్టే పని గంటలతో పోల్చి మిగతా బండ్లకు అంకె వేస్తారు. చెత్త లారీ ఒక్కటే చాలా కార్ల పెట్టు. మీ కార్డుల్లో ఉన్న గంటలతోనే వేసుకోండి, బయటి పట్టిక అక్కర్లేదు. మొత్తం గంటలను ఒక మనిషి నిజంగా పనిచేసే గంటలతో భాగిస్తే ఎంతమంది కావాలో తెలుస్తుంది. ఆ 7 మంది అంకెకు లెక్క చూపించమని అడగండి. కాంట్రాక్టు రేటులో రాని పనులు ఏమిటో కూడా అప్పుడే అడగండి. యాక్సిడెంట్ రిపేర్లు, డ్రైవరు పొరపాటు వల్ల చెడినవి, కొత్తగా బిగించాల్సినవి సాధారణంగా విడి బిల్లులే. రేటు తక్కువగా కనబడితే ఈ జాబితా పొడుగ్గా ఉంటుంది.

రెండోషిఫ్టు

ఒకవేళ వెనక్కి రావాలంటే దారి ఉందో లేదో చూసుకోండి. మేం లిఫ్టులు అమ్మేశాం, స్పేర్లన్నీ కాంట్రాక్టర్‌కి అప్పగించాం. బండ్ల రికార్డులు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోయాయి. కాంట్రాక్టు ముగిసేటప్పుడు హిస్టరీ అడిగితే 2 వేల పేజీల ప్రింటు ఇచ్చారు. ఏ బండికి గేర్‌బాక్స్ ఎప్పుడు దింపారో వెతకాలంటే ఆ పేజీలు తిప్పుకుంటూ కూర్చోవాలి. రికార్డు మనదే అని, ప్రతి నెలా కంప్యూటర్ ఫైలుగా ఇవ్వాలని మొదటి పేజీలోనే రాయించండి.

నీలిబండి

ఎలక్ట్రిక్ బండ్లు కొనే ఆలోచన ఉంటే అది కూడా నోట్‌లో పెట్టండి. ఆరెంజ్ కేబుల్ కనబడిందంటే హై వోల్టేజి. ట్రైనింగు, ఇన్సులేటెడ్ గ్లోవ్స్ లేకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అలాంటి బండ్లు నాలుగైదే ఉంటే ఇప్పుడే షెడ్డు మార్చనక్కర్లేదు, తయారీదారు సర్వీస్ సెంటర్‌కే పంపండి.

ర్యాంప్‌మీద

నిన్న నోట్ పెట్టేశాను. కార్లు, పికప్‌ల సర్వీసింగ్, ఏసీ, బాడీ పని, టైర్లు ఏడాది పాటు బయటికి. బండి తీసుకెళ్లి తెచ్చివ్వడం వాళ్ల పని. తాళం చేతికిచ్చిన దగ్గర్నుంచి గంటల లెక్క. మార్చిన పాత పార్టు సంచిలో పెట్టి, బండి నంబరు రాసి తిరిగివ్వాలి. లారీలు, ట్యాంకర్లు, క్రేన్లు, అంబులెన్సులు మా షెడ్డులోనే, ఇంజన్ గంటల లెక్కన. ముగ్గురు వెళ్లేచోట ఇద్దరిని తీసుకోవాలని, చిన్న స్పేర్లు కొనే అధికారం షెడ్డుకే ఇవ్వాలని అడిగాను. ఇది మీ మాటే, స్పానర్14 గారూ. లిఫ్టులు అమ్మొద్దని విడిగా ఒక పేరా రాశాను.

ఇద్దరిని ఇస్తారో ఒక్కరినే ఇస్తారో ఇంకా తేలలేదు. రిటైరయ్యేవాళ్లలో పెద్దాయనను, బయటినుంచి వచ్చే బండ్లు గేటు దగ్గర చూసుకోమని అడిగాను. మొదటి ఆర్నెల్లూ ప్రతి బండికీ చక్రం విప్పి చూస్తానన్నారు. ఎర్రబండి గారూ, మీ గేటు చెకింగ్ షీటు ఉంటే పంపగలరా?

ఎర్రబండి

పంపాను, చూడండి. అందులో రాత్రి షిఫ్టు కాలమ్ మీకు సరిపోకపోవచ్చు, మీ బండ్లను బట్టి మార్చుకోండి.