పది నెలల పాప అనంతపురంలో, నేను బెంగళూరులో: 12 రోజులు పాలు నిలబెట్టుకోవడం ఎలా?

మారతహళ్ళి_అమ్మ:
ఆయా మానేసింది. ఆఫీసులో 12 రోజులు కదలడానికి లేదు. అందుకని పాప వచ్చే సోమవారం నుంచి అనంతపురంలో అత్తయ్యగారి దగ్గర ఉంటుంది. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు తాగుతోంది: లేవగానే, సాయంత్రం, పడుకునే ముందు, రాత్రి రెండింటికి. మిగతా పూటలు రాగిజావ, పప్పన్నం, ఇడ్లీ. డబుల్ ఎలక్ట్రిక్ పంపు ఆరు నెలలుగా బీరువాలో పడుంది. నిన్న పాప తాగిన గంటకి పెట్టి చూస్తే 20 నిమిషాలకి రెండువైపులా కలిపి 40 మి.లీ. వచ్చాయి. పాలు తగ్గిపోయాయా? రోజుకి ఎన్నిసార్లు తీయాలి? ఊరికి పంపొచ్చా?

ఉగ్గుగిన్నె:
తాగిన గంటకే 40 అంటే తక్కువేం కాదండీ. పైగా పాప నోరు తగలగానే వచ్చే చేపు (పాలు ధారగా దిగడం) ప్లాస్టిక్ గరాటుకి అంత తేలిగ్గా రాదు. పంపులో పడినదాన్ని బట్టి పాలు ఇంతే అనుకోకండి.

ముందు పంపు సంగతి చూడండి. బాతుముక్కులా ఉండే రబ్బరు వాల్వు చీలిక మూసుకోకుండా విడిపోయి ఉంటే గాలి నిలవదు, మోటారు మోగుతుంది గానీ లాగుడు ఉండదు. ఆరు నెలలు పడున్నది కదా, కొత్తది వేసేయండి. ట్యూబులో తేమ ఉంటే సీసా తీసేసి ట్యూబు ఒక్కటే తగిలించి రెండు నిమిషాలు నడిపితే ఆరుతుంది. తర్వాత ఫ్లాంజ్ (రొమ్ముకి ఆనించే గరాటు) కొలత. చనుమొన మొదట్లో అడ్డంగా ఎన్ని మి.మీ. ఉందో స్కేలుతో చూడండి. పెట్టెలో వచ్చే 24, 28 చాలామందికి పెద్దవే. మీ కొలత 16 అయితే 17 నుంచి 19 లోపు సరిపోతుంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా గొట్టంలోకి పోతుంటే పెద్దదైనట్టు, మొన గోడలకి రాసుకుని తెల్లబడుతుంటే చిన్నదైనట్టు.

మొదటి రెండు నిమిషాలు వేగం ఎక్కువ, లాగుడు తక్కువ. ధార మొదలయ్యాక వేగం తగ్గించి, నొప్పి రానంతవరకే లాగుడు పెంచండి. నొప్పి పుడితే చేపు ఆగిపోతుంది. చాలామంది పొరబాటు ఇక్కడే: పాలు రాలేదని మీట చివరిదాకా తిప్పేస్తారు.

పంపు పాపంత బాగా ఖాళీ చేయదు కాబట్టి నాలుగుకి బదులు ఐదుసార్లు తీయండి. ఉదయం 5:30, 10:30, మధ్యాహ్నం 3, రాత్రి 7:30, 11. ఒక్కోసారి 15 నిమిషాలు, తర్వాత చేత్తో ఐదు నిమిషాలు. బొటనవేలు పైన, రెండు వేళ్ళు కింద, మొనకి రెండు మూడు సెం.మీ. వెనక పెట్టి, ఛాతీవైపు నొక్కి, వేళ్ళు దగ్గరికి తెచ్చి వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. ఆఖర్న వచ్చే ఆ పాలు కొంచెమే అయినా వదలొద్దు. రొమ్ము నిండుగా ఉండిపోతే లోపల తయారీ మందగిస్తుంది.

కోరమంగళ_కాఫీ:
రాత్రి రెండింటిది ఎందుకు తీసేశారు? పాలు తయారుచేయించే హార్మోను ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ కదా.

ఉగ్గుగిన్నె:
నిజమే, తొలి వారాల్లో అది చాలా ముఖ్యం. పది నెలలకి వచ్చేసరికి ఎంత ఖాళీ అవుతోందన్నదే నడిపిస్తుంది. పగలంతా ఆఫీసు చేసే మనిషికి ఆరు గంటల నిద్ర దక్కనివ్వండి. రెండింటికి గట్టిపడి మెలకువ వస్తే మాత్రం ఊరట దొరికేదాకా తీసేసి పడుకోండి. మూడు నాలుగు రోజులకి మొత్తం పాలు తగ్గుతుంటే అప్పుడు రాత్రిది చేర్చండి. లేదా రోజుకోసారి గంట కేటాయించండి: 20 నిమిషాలు తీసి, 10 ఆగి, 10 తీసి, 10 ఆగి, మళ్ళీ 10.

జయనగర_లెక్క:
పాలు పంపడం గురించి. బయట 25 డిగ్రీల లోపైతే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు (తలుపులో కాదు, లోపలి వెనక భాగంలో), ఫ్రీజర్‌లో 6 నెలలు. గడ్డకట్టిన జెల్ ప్యాకులతో ఐస్‌బాక్సులో 24 గంటలు. అనంతపురం బస్సుకి అది ధారాళంగా సరిపోతుంది. 60–100 మి.లీ. చొప్పున సంచుల్లో పోసి, పైన కాస్త ఖాళీ వదిలి, తేదీ రాసి, పడుకోబెట్టి గడ్డకట్టించండి. సంచుల మధ్య సందు లేకుండా గుడ్డ కుక్కండి, ఖాళీ ఉంటే త్వరగా కరుగుతాయి.

ఇప్పుడే ఒక సంచి గడ్డకట్టించి, కరిగించి వాసన చూడండి. సబ్బు వాసన వస్తే అది పాలలోని లైపేజ్ (కొవ్వుని విడగొట్టే ఎంజైము) పని. చెడిపోలేదు గానీ కొందరు పిల్లలు ముట్టరు. అలాంటప్పుడు తీసిన వెంటనే గిన్నె అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడిచేసి (మరిగించొద్దు), చల్లార్చి దాచాలి.

అత్తయ్యగారికి చెప్పాల్సినవి: గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో కరిగించాలి, మైక్రోవేవ్ వద్దు. ఫ్రిజ్‌లోనే ఉంచి కరిగించినవైతే అక్కడ 24 గంటలే, గోరువెచ్చన చేసినవి రెండు గంటల్లో వాడేయాలి. పాప తాగి వదిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. ఈ వయసుకి సీసా అలవాటు చేయక్కర్లేదు, చిన్న గ్లాసు చాలు. పాలు చాలకపోతే పిల్లల డాక్టరుని అడిగి ఫార్ములా పట్టండి. ఏడాది నిండేదాకా ఆవుపాలు ప్రధాన పాలుగా వద్దు.

మారతహళ్ళి_అమ్మ:
కొలత 17 వచ్చింది, పంపుతో వచ్చింది 28! వాల్వు కూడా చిరిగింది. రెండూ తెప్పిస్తున్నా. మెంతులు, వెల్లుల్లి కారం తినమంటోంది అమ్మ. మూడింటికి రోజూ మీటింగు, ఎలా?

కోరమంగళ_కాఫీ:
వెల్లుల్లి కారం అన్నంలోకి బాగుంటుంది, తినండి :) అవి తిన్నా, పాలు తీయకపోతే పాలు రావు. షుగరు మందులు వాడేవాళ్ళు మెంతులు ఎక్కువగా తీసుకుంటే చక్కెర పడిపోవచ్చు. పాలు పెరగడానికని కొందరు వాడే డాంపెరిడోన్ మాత్ర సొంతంగా కొని వేసుకోవద్దు, గుండె లయ మీద పనిచేస్తుంది. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉందేమో అట్ట మీద చదవండి, అది పాలు తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ అంతే.

మీటింగు మాట: బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు చట్టంలోనే ఉన్నాయి (ముందు 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో, ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో). అది బిడ్డకి పాలివ్వడానికని రాసిన మాట, కాబట్టి పంపు కోసమని హెచ్‌ఆర్‌ని మెయిల్లో ముందే అడగండి, గదికి గడియ ఉందో లేదో కూడా. కుదరని రోజున 3 గంటలది రెండున్నరకి జరపండి, పది నిమిషాలే తీసినా సరే. పూర్తిగా మానేసి రాత్రి కలిపి తీద్దామంటే కుదరదు.

ఎక్కడైనా గడ్డ తగిలితే గట్టిగా పిసకొద్దు, పదేపదే పంపు పెట్టొద్దు. మామూలు వేళలకే తీసి, చల్లటి గుడ్డ పెట్టండి. జ్వరం, ఎర్రదనం వచ్చి 24 గంటల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

ఉగ్గుగిన్నె:
తిరిగొచ్చాక మొదటిరోజు పాప మొహం తిప్పుకుంటే పాలు ఇష్టం లేదని కాదు. ఆకలితో ఏడుస్తున్నప్పుడు బలవంతపెట్టకండి. నిద్రమత్తులో, చీకటి గదిలో, ఒంటికి ఒళ్ళు ఆనించి పట్టండి. ముందు రెండు నిమిషాలు చేత్తో తీసి చేపు తెప్పిస్తే నోట్లో పడగానే పాలు అందుతాయి. రెండు మూడు రోజులు పట్టొచ్చు, అందాకా పంపు వేళలు మానకండి.