1810 లండన్ నాటకం: మగవాళ్లందరికీ తెల్ల విగ్గులు పెట్టాలా?

ప్రశ్న: మా పాత విద్యార్థుల సంఘం నాటకం వేస్తోంది. కథ 1810లో, లండన్‌లో. అన్ని మగ పాత్రలకూ తెల్ల విగ్గులే కావాలని డైరెక్టర్ పట్టు. అద్దెకే సగం బడ్జెట్ పోయేలా ఉంది. నిజంగా అందరూ పెట్టుకునేవారా?

జవాబు 1: నేను నాటకాలకు సవరాలు, విగ్గులు కడతాను. గిరాకీ పోతుందని తెలిసీ చెబుతున్నా, అన్ని వద్దు.

1810 నాటికి కుర్రకారు విగ్గులు వదిలేసింది. సొంత జుట్టే పొట్టిగా కత్తిరించి, రోమన్ విగ్రహాల్లో లాగా ముందుకు దువ్వేవారు. అసలు దెబ్బ 1795లో పడింది. ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చులకని ప్రధాని పిట్ జుట్టు పౌడరు మీద పన్ను వేశాడు. మనిషికి ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలి. పౌడరంటే ఏమిటనుకున్నారు? గోధుమ గంజిపిండి. ముందు తలకు పొమేడ్ అనే జిడ్డు లేపనం పట్టించి, దాని మీద చల్లాలి. సరిగ్గా ఆ ఏడాదే గోధుమలకు కరువొచ్చింది. తిండికి లేని పిండిని నెత్తికెత్తితే జనం ఊరుకుంటారా? పన్ను కట్టినవాళ్లకు 'గినీ పిగ్స్' అని పేరు పెట్టారు. బెడ్‌ఫర్డ్ డ్యూక్ పంతానికి జుట్టే కత్తిరించుకున్నాడు.

మా వృత్తివాళ్ల పొట్ట కొట్టిన పన్ను అది. చిత్రకారుడు టర్నర్ తండ్రి కోవెంట్ గార్డెన్‌లో మెయిడెన్ లేన్‌లో మంగలి, విగ్గులు కూడా కట్టేవాడు. తర్వాత కొడుకు దగ్గరే చేరి కాన్వాసులు బిగించాడు, వార్నిష్ పూశాడు.

జడ్జి, లాయరు, బిషప్పు ఉంటే విగ్గు తప్పదు. ముసలాయనకు పెట్టినా తప్పులేదు. లాయరుకు మాత్రం పౌడరు రాలేలా పెట్టండి. పౌడరు అక్కర్లేని గుర్రపు వెంట్రుకల విగ్గుకు రావెన్స్‌క్రాఫ్ట్ అనే విగ్గుల తయారీదారు పేటెంటు తీసుకున్నది 1822లో.

జవాబు 2: కుర్రాళ్ల తలకు నూనె మరవకండి సార్. రోలండ్ మకాసర్ ఆయిల్ ప్రకటనల జోరు అంతా ఇంతా కాదు, బైరన్ కూడా తన కవితలో దాన్ని ఎగతాళి చేశాడు. కుర్చీలకు ఆ జిడ్డు అంటకుండా వీపు దగ్గర వేసే గుడ్డకు యాంటీమకాసర్ అనే పేరు తర్వాత దీనివల్లే వచ్చింది. ఎలుగుబంటి కొవ్వు కూడా అమ్మేవారు, అది మీ డైరెక్టర్‌కు చెప్పకండి!

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఇంట్లో పనివాడి పాత్ర ఒకటుంది. వాడికి మామూలు జుట్టే కదా?

జవాబు 1: అబ్బే, వాడికే తెల్లగా ఉండాలి! పెద్దింట్లో యూనిఫాం వేసుకునే పనివాడికి పౌడరు ఉండేది, పన్ను యజమానే కట్టేవాడు. అదొక దర్జా. విగ్గు కూడా వద్దు, సొంత జుట్టుకే పౌడరు కొట్టండి.